అందరును అతిథులైన చోటు

మన నగరములలోని అంతర్జాతీయ పాఠశాలలయందు పది పన్నెండేండ్లు చదివి, పదునెనిమిదవ యేట పై చదువుల కొరకు విదేశ విశ్వవిద్యాలయములకు పోవు పిల్లల విషయమున వారి తలిదండ్రులకు ఒక గట్టి ధీమా కలదు. ఇంగ్లీషు తమ బిడ్డకు మాతృభాషకంటె దగ్గర. నలుగురిలో నిలిచి మాటాడుటకు జంకడు. చాకు, ముళ్లగరిట పట్టి భోజనము చేయుట చిన్ననాడే అలవడినది. తరగతిలో కొరియా బాలుడొక ప్రక్కను, జర్మనీ బాలిక యొక ప్రక్కను కూర్చుండగా చదివినవాడు. ఇక వానికి పరదేశమనునది ఎక్కడ నున్నది అని వారి తర్కము. అట్టి పాఠశాల యొకదానిలో చిరకాలము తెలుగు బోధించి విరమించినవాడను గనుక, నా శిష్యులు సముద్రములు దాటి వ్రాసిన ఉత్తరములును (ఉత్తరములనగా ఈ కాలపు ఉత్తరములే, చేతిలోని ఫోనునకు వచ్చునవి), సెలవులకు వచ్చినప్పుడు మా యింటి వసారాలో కూర్చుండి చెప్పిన ముచ్చటలును ఆధారముగా, ఈ ధీమాలో ఎంత పాలు న్యాయమైనదో, ఎంత పాలు కాదో నేడు మీతో విచారింపదలచినాను.

ఇట్టి పాఠశాలలు ఎందుకు పుట్టినవో ముందుగా జ్ఞప్తి చేసికొనుట మంచిది. 1924లో జెనీవా నగరమున, నానాజాతి సమితిలోను, అంతర్జాతీయ కార్మిక కార్యాలయములోను కొలువుచేయ వచ్చిన పరదేశీయోద్యోగుల బిడ్డల కొరకు ఒక పాఠశాల స్థాపింపబడినది. తండ్రి కొలువు ముగియగానే మరియొక దేశమునకు లేచిపోవలసిన బిడ్డలకు ఏ యొక్క దేశపు పాఠ్యక్రమమునకును కట్టుబడని చదువు కావలెను గదా. ఆ అవసరమే పెరిగి పెరిగి, 1968లో ఆ జెనీవాలోనే ఇంటర్నేషనల్ బకలారియేట్ అను పరీక్షా వ్యవస్థగా రూపొందినది. మన హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువున మెట్ట పంటల పరిశోధన కొరకు 1972లో ఇక్రిశాట్ వెలసినప్పుడు, జొన్నలను, కందులను, సెనగలను శోధింప నానాదేశములనుండి వచ్చిన శాస్త్రజ్ఞుల బిడ్డల నిమిత్తము నగరమున ఒక అంతర్జాతీయ పాఠశాల ఏర్పడినది. అనగా ఈ విద్య మొదట ఊరు మారువారి కొరకు ఉద్దేశింపబడినది. ఊరు మారని మనవారు, గచ్చిబౌలిలోనో కొండాపూరులోనో ఇల్లు కొనుక్కొని స్థిరపడినవారు, తమ బిడ్డలను అందు చేర్చుట తరువాతి చరిత్ర. ప్రయాణము చేయని బిడ్డకు సైతము ప్రయాణికుని స్వభావము అలవడుట ఈ చరిత్రలోని విచిత్రము.

అందలి చదువు తక్కువ చదువని నేననను. ఆరు విషయములు, ఒక్కొక్క దానికి ఏడు పాయింట్లు, జ్ఞానమననేమి, మనకు తెలిసినదని దేనిని అనవచ్చును అని తర్కించు పాఠమొకటి, 4000 పదములకు మించకుండ స్వయముగా పరిశోధించి వ్రాయవలసిన వ్యాసమొకటి, ఈ రెండింటికి కలిపి మూడు పాయింట్లు, వెరసి 45. పదునేడేండ్ల పిల్లలు గ్రంథాలయమున కూర్చుండి, ఏ వాక్యమును ఎవరినుండి గ్రహించిరో అడుగున సూచించుచు వ్యాసము వ్రాయుట నేను కన్నులార చూచినాను. ఆ పని మన కళాశాలలలో ఎం.ఏ. విద్యార్థులకు నేర్పుటకు నేనెరిగిన ఆచార్యులు తల బ్రద్దలు కొట్టుకొనుచుండిరి. కావున ఉపన్యాసములు విని అర్థము చేసికొనుట, చర్చలో పాల్గొనుట, గడువులోపల వ్యాసమందించుట మొదలగు వానిలో ఈ పిల్లలకు చిక్కు లేదు. ఆ భాగమును ఇంతటితో విడిచిపెట్టుదము.

చిక్కు వేరొక చోట నున్నది. అంతర్జాతీయ పాఠశాల ఒక సత్రము వంటిది. అందు దిగినవారందరును అతిథులే. ఈ యిల్లు నాది, ఇచ్చటి ఆచారమిది, నీవు నేర్చుకొనుము అని చెప్పు గృహస్థు అందు లేడు. కొరియా బాలునకు దీపావళి ఎంత వింతయో తెలుగు బాలునకు వారి చాంద్రమాన సంవత్సరాది అంత వింత. కావున ఎవరి వింతయు వింత కాదు. ఎవరి ఉచ్చారణయు ప్రమాణము కాదు గనుక అందరి ఉచ్చారణయు సమ్మతమే. అట్టి చోట పెరిగిన బాలుడు లోకమంతయు ఇట్లే యుండునని భావించుటలో దోషమేమున్నది? వాడు విదేశ విశ్వవిద్యాలయమున అడుగు పెట్టిన దినమున తన జీవితములో తొలిసారిగా గృహస్థు ఉన్న ఇంటికి అతిథిగా పోవుచున్నాడు. ఆ సంగతి వానికెవరును చెప్పి యుండరు.

ఇది మన పిల్లలకే కలిగిన ఇబ్బంది కాదు. 1901లో కొడైకెనాలు కొండమీద అమెరికన్ మిషనరీలు తమ బిడ్డల కొరకు ఒక పాఠశాల పెట్టిరి. మన గుంటూరు, రాజమండ్రి ప్రాంతములలో పనిచేసిన లూథరన్ మిషను వారి బిడ్డలును అందు చదివినవారే. ఆ పిల్లలు తెలుగు ఆయాల చేతులలో పెరిగి, వేసవిలో మామిడిపండ్ల రసము మోచేతులవెంట కారగా తిని, కొండమీద చదువు ముగించి, కళాశాలకు అమెరికా పోయిరి. చూచుటకు అచ్చముగా అమెరికా పిల్లలు, పేర్లు అమెరికావే, మాటయు ఇంచుమించు అదియే. కాని తోటివారు పాడుకొను పాటలు వీరికి తెలియవు, బేస్‌బాల్ ఆటగాండ్ర పేర్లు తెలియవు, దుకాణములో నాణెములు లెక్కించుట తెలియదు. పరదేశీయుడైనచో తెలియలేదని లోకము మన్నించును. తమవాడే అనుకొన్నవానికి తెలియకపోయినచో మందమతి అనుకొనును. వారి కష్టము మన పిల్లల కష్టముకంటె ఒక విధమున కఠినతరమనియే నా అభిప్రాయము.

వీరివంటి కుటుంబములను చూచియే గదా రూత్ హిల్ యూసీమ్ అను అమెరికన్ సాంఘిక శాస్త్రజ్ఞురాలు, 1950ల దశకమున తన భర్తతో గూడ మన దేశమునకు వచ్చి ఇచ్చటి అమెరికనుల జీవితమును పరిశీలించి, ఈ పిల్లల సంస్కృతి తండ్రుల దేశముది కాదు, తాముండు దేశముదియు కాదు, రెండింటి నడుమ పుట్టిన మూడవది అని నిరూపించినది. నేడు ప్రపంచమంతట అంతర్జాతీయ పాఠశాలల గురువులు వల్లించు ఈ మూడవ సంస్కృతి అను భావమునకు మన దేశమే పురిటిగది యైనదని మనలో చాలమందికి తెలియదు.

ఇక నా శిష్యురాలొకతె సంగతి కొంత విపులముగ చెప్పెదను. ఆమె పుట్టినది సింగపూరు. పలకా బలపము పట్టవలసిన వయసున తండ్రి ఉద్యోగరీత్యా ఖతారు దేశపు దోహా నగరమునకు పోయినది. ఏడవ తరగతిలో హైదరాబాదు వచ్చి నా దగ్గర అక్షరములు దిద్దినది. చదువులో చురుకైనది. ఉత్తర ఇంగ్లండులోని ఒక పాత విశ్వవిద్యాలయమున చరిత్ర చదువుటకు స్థానము సంపాదించి, అక్టోబరు నెల మొదటివారమున అచ్చట చేరినది. చేరిన వారమంతయు క్రొత్త విద్యార్థులు ఒకరినొకరు మూడే ప్రశ్నలు అడుగుదురట: పేరేమి, ఏమి చదువుచున్నావు, ఎచ్చటినుండి వచ్చినావు. పాఠశాలలో మూడవ ప్రశ్నకు ప్రతివారికిని రెండు మూడు వాక్యముల సమాధానముండెడిది. వినువారికి అది వినోదము. విశ్వవిద్యాలయమున మాత్రము లీడ్స్ అనియో, కెంట్ అనియో ఒక్క మాటలో చెప్పి ఊరకుందురు. ఆమె సింగపూరుతో మొదలుపెట్టి దోహా చేరునప్పటికే ఎదుటివాని చూపు ఆమె భుజము మీదుగా మరియొకరి కొరకు వెదకుచుండెడిది. మూడవ దినమునుండి ఆమె ఇండియా అని మాత్రము చెప్ప నారంభించినది. చెప్పగానే, మీ ఇంగ్లీషు ఇంత బాగున్నదేమి అని వారు మెచ్చుకొన్నారు. పన్నెండేండ్లు ఆ భాషలోనే కలలు కన్న బాలికకు ఆ మెప్పు ఎట్లుండునో ఊహింపుడు.

అందులో వారి దురుద్దేశమేమియు లేదు. మర్యాదకై అన్న మాటయే. కాని గృహస్థు మెచ్చుకొనునప్పుడే అతిథికి తాను అతిథినని తెలియుట. వారు పసితనమున చూచిన టెలివిజను కార్యక్రమములు, వారి ఫుట్‌బాలు జట్ల పూర్వవైరములు, ఏ ఊరి యాసను చూచి ఏ ఊరివారు నవ్వుదురో ఆ రహస్యములు, ఇవన్నియు మాటల నడుమ వచ్చిపోవుచుండును. అందరును నవ్విన అరక్షణమునకు ఈమె నవ్వును. ఇంగ్లీషు రానివాడైనచో భాష రాక నవ్వలేదని తనకు తాను సమాధానము చెప్పుకొనును. ఈమెకు ఆ సమాధానము కూడ లేదు.

చలిని గూర్చి తలిదండ్రులు మిక్కిలి బెంగపడుదురు. డిసెంబరులో అచ్చట మధ్యాహ్నము నాలుగు కాకమునుపే ప్రొద్దు క్రుంకును; అది మనస్సును కొంత కలచుట నిజము. మంచి కోటు కొన్నచో చలి తీరును. ఆ పై చెప్పవలసినది లేదు.

మార్కుల సంగతి చెప్పవలెను, ఏలనగా అది ఇచ్చట ఇంటిలో కల్లోలము పుట్టించు విషయము. బ్రిటిషు విశ్వవిద్యాలయములలో నూటికి 70 వచ్చినచో ప్రథమ శ్రేణి. 60 మొదలు 69 వరకు ద్వితీయ శ్రేణిలో పై మెట్టు, అదియు గౌరవప్రదమే. చరిత్ర వంటి విషయములలో 80 అనునది కన్నులకు కనబడుట అరుదు. నా శిష్యురాలికి మొదటి వ్యాసమునకు 62 వచ్చినది. ఆ రాత్రి తండ్రి ఫోను చేసి, "ఏమ్మా, అరవై రెండేమిటి? ఒంట్లో బాగుండటం లేదా?" అని అడిగెనట. ఆమె అచ్చటి పద్ధతి వివరించినది. తండ్రి వినెను గాని నమ్మలేదు. నిజము చెప్పవలెనన్న, ఆమెయు పూర్తిగా నమ్మలేదు. ఎప్పుడును ఏడుకు ఏడు పొందినవారికి అరువది రెండు మంచి అంకెయని బుద్ధి ఒప్పుకొన్నను మనస్సు ఒప్పుకొనుటకు ఒక సంవత్సరము పట్టును.

పాఠశాలలో ఈమె మీద ఎన్ని కన్నులుండెడివో ఒక్కసారి తలచుకొనుడు. తరగతి గురువు, సలహాదారు, విశ్వవిద్యాలయముల దరఖాస్తులు చూచు ప్రత్యేకోద్యోగి. ఉదయము బస్సెక్కెనని తల్లి ఫోనునకు ఒక సందేశము, పరీక్షలో మార్కులు వచ్చెనని ఒక సందేశము, భోజనశాలలో ఏమి వడ్డించిరో ఒక సందేశము. ఆ కన్నులన్నియు ఒక్క దినమున మూసికొనిపోయినవి. చరిత్ర విద్యార్థికి వారమునకు పది గంటల తరగతులైనను నిండుగ ఉండవు. తక్కిన కాలమంతయు గ్రంథాలయము, గది, తన బుద్ధి. పదునెనిమిదేండ్లు నిండినవారిని అచ్చటి చట్టము పెద్దవారిగా చూచును. విద్యార్థి సమ్మతి లేక ఆమె మార్కులనుగాని హాజరునుగాని తండ్రికి తెలుపుటకు విశ్వవిద్యాలయమువారు అంగీకరింపరు. అమెరికాలో ఇందుకై 1974లోనే ప్రత్యేకముగా ఒక చట్టము చేసిరి. ఫీజు తండ్రియే కట్టినను, కళాశాలలో చేరిన బిడ్డ కాగితములపై హక్కు బిడ్డదే. ఈ సంగతి విన్న మన తండ్రి యొకడు నా ఎదుటనే, "డబ్బు నాది, రిపోర్టు వాడిదా మాస్టారూ?" అని ఆశ్చర్యపడినాడు. అవునన్నాను. నా దృష్టిలో అది అచ్చటి విద్యలోని ఉత్తమాంశములలో నొకటి. కాని దానికి సిద్ధపరచక పంపుట అన్యాయము.

సిద్ధపరచుట అనగా పెద్ద విషయములు కావు. మన యింట పనిమనిషి, వంటమనిషి, డ్రైవరు ఉండగా పెరిగిన బాలిక, ఎనమండుగురికి ఒక్క వంటగది గల వసతిగృహమున, పాలసీసా అడుగంటినచో తానే కొనవలెననియు, స్నానాల గదిలో వెండ్రుకలు తానే తీయవలెననియు, ఫ్రిజ్‌లో రెండవ అర మాత్రమే తనదనియు తెలిసికొన్నది. ఒక సాయంకాలము ఇంటిమీద బెంగ పుట్టి పప్పు వండబూని, కాగిన నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయలు వేయగా, ఆ ఘాటుపొగకు అగ్నిప్రమాద ఘంట మ్రోగి, భవనమంతయు ఖాళీచేసి, కొందరు తువ్వాళ్లు చుట్టుకొని, కొందరు పుస్తకములు చేతబట్టి, వర్షపు తుంపరలో పచ్చికపై నిలువవలసివచ్చినది. సిగ్గుతో చచ్చిపోయినంత పని అయినదని ఆమె వ్రాసినది. అయితే ఆ మరునాడు ప్రక్కగది బాలిక, సండర్లాండు ఊరి పిల్ల, తలుపు తట్టి, నీవు వండునప్పుడు నన్ను పిలువుము, నేను కిటికీ తెరచి ఆ యంత్రము క్రింద తువ్వాలు విసరుచుందును అని చెప్పినదట. ఆ సంవత్సరమంతయు ఆదివారము ఒకతె పోపు వేయుట, మరియొకతె తువ్వాలు విసరుట జరిగినది. మొదటి వారమున మూడు ప్రశ్నలు అడిగి పోయిన నూరుమందికంటె ఈ యొక్కతె ఎక్కువ.

ఈ స్నేహము విలువ నవంబరులో తెలిసినది. ఆ ఊరిలో విశ్వవిద్యాలయపు వసతి మొదటి సంవత్సరమునకే ప్రధానముగా లభించును. రెండవ యేట అయిదారుగురు కలిసి ఊరిలో ఇల్లు అద్దెకు తీసికొనవలెను. ఆ ఇండ్లకు వచ్చు సంవత్సరపు ఒప్పందములు నవంబరు, డిసెంబరులలోనే జరిగిపోవును. చేరి ఆరు వారములైనను కాకమునుపే, ఎవరితో కలిసి ఒక సంవత్సరము బ్రతుకదలచినావో చెప్పుమని కాలము నిలదీయును. నా శిష్యురాలికి మేడమీదనుండి క్రిందివరకు అందరును పరిచితులు. ఏ గుంపువారు ఇల్లు వెదకుచున్నను, ఈమె వేరొక గుంపులో చేరియుండునని తలచిరి గాని, ఎవరును అడుగలేదు.

దీనికి కారణము పాఠశాలలోనే యున్నది. నేను చాలకాలము గమనించిన విషయమిది. అంతర్జాతీయ పాఠశాలలలో ప్రతి వేసవికిని తరగతిలో కొందరు వెళ్లిపోవుదురు, కొందరు వచ్చుదురు. జూన్ మాసమున కౌగిలింతలు, కన్నీళ్లు. ఆగస్టున క్రొత్త ముఖములు. ఈ విధముగ పెరిగిన పిల్లలు వారములోపల స్నేహము చేయుటలో నేర్పరులు. ఆ స్నేహముపై భారము వేసి ఒరగుటలో మాత్రము అనభ్యస్తులు. ఎటులైనను పోవువారే గదా అను ఎరుక, వారికి తెలియకుండగనే, మాటలో, నవ్వులో, కూర్చుండు తీరులో చేరియుండును. లీడ్సు వంటి ఊరినుండి వచ్చిన పిల్లకు ఒకటవ తరగతినాటి స్నేహితురాలు ఇంకను స్నేహితురాలే. ఆమెకు స్నేహమనగా పోనిది. ఈ రెండు అలవాట్లవారు ఒకచోట కలిసినప్పుడు, మొదటివారు తమను ఏల నమ్మరని రెండవవారును, రెండవవారు ఇంత మెల్లగా ఏల కదలుదురని మొదటివారును అనుకొందురు. తుదకు సండర్లాండు పిల్లయే, నీకు ఇల్లు కుదిరినదా అని నేరుగా అడిగి, తన గుంపులో చేర్చుకొన్నది.

మానసిక శాస్త్రజ్ఞులును సాంఘిక శాస్త్రజ్ఞులును పరదేశమున ఇమిడిపోవు కాలక్రమమును పరిశీలింపకపోలేదు. 1955లో లిస్‌గార్డ్ అను నార్వే పండితుడు, ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనముపై అమెరికాకు పోయివచ్చిన తన దేశీయులను ప్రశ్నించి, ఆరు మాసములలోపు ఉన్నవారును, పదునెనిమిది మాసములకు మించి ఉన్నవారును సుఖముగ ఇమిడిరనియు, నడుమ కాలమువారే ఎక్కువ కలత చెందిరనియు కనుగొన్నాడు. మొదట వింత, పిదప విసుగు, అటుపిమ్మట అలవాటు. తరువాతి పరిశోధకులు ఈ లెక్క అందరికిని సరిపోదని ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణము సరియైనదే. నా శిష్యులలో పెక్కురకు మొదటి వింతయే లేదు. విమానాశ్రయములు, మేడలు, వానలు అన్నియు చూచినవే గనుక, నేరుగా విసుగుతోనే ఆరంభమైనది. పల్లెనుండి పోయినవానికి లండను వంతెన చూచిన ఆనందమైనను మూడు మాసములు అండగా నిలుచును. వీరికి ఆ సుఖము కూడ దక్కదు.

ఇచ్చట మన తెలుగువారికే ప్రత్యేకమైన ముచ్చట యొకటి కలదు. బ్రిటనులో ఏ పట్టణమునకు పోయినను నేడు తెలుగు విద్యార్థులు కనబడుదురు. వారు గుంటూరులోనో, వరంగల్లులోనో బి.టెక్. ముగించి, బ్యాంకు అప్పు నెత్తిన పెట్టుకొని, ఒక్క సంవత్సరపు ఎం.ఎస్సీ. కొరకు వచ్చినవారు, చదువు కాలమున వారమునకు ఇరువది గంటలకు మించి కూలి చేయరాదను వీసా నిబంధనను వేళ్లమీద లెక్కించుకొనుచు, వంతులవారీగ వండుకొని, ఒకరి గదిలో మరియొకరు సర్దుకొని, పరదేశమున ఒక చిన్న బజారు వంటి లోకమును నిలుపుకొన్నవారు. ఈ లోకమునకును అంతర్జాతీయ పాఠశాలనుండి పదునెనిమిదేండ్లకు వచ్చిన పిల్లలకును నడుమ పెద్ద అగడ్త. వీరి తెలుగు అమ్మమ్మతో మాటాడుటకు చాలును, హాస్యమాడుటకు చాలదు. నా శిష్యురాలు మొదట వారిని తప్పించుకొని తిరిగినది. వారికి నవ్వులాట అగుదునని భయము.

బట్టలుతుకు యంత్రముల గదిలో ఒక నరసరావుపేట అమ్మాయి, అయిదారేండ్లు పెద్దది, ఈమె సంచిమీది తెలుగు అక్షరములు చూచి పలుకరించినది.

"తెలుగమ్మాయివా? ఏ ఊరమ్మా మీది?"

"హైదరాబాద్ అక్కా. ముందు దోహా, అంతకు ముందు సింగపూర్..."

"అవన్నీ కాదు తల్లీ, అసలు ఊరు?"

"మా తాతయ్యవాళ్లది తణుకు."

"ఆఁ, అట్లా చెప్పు! మా పిన్నినిచ్చింది తణుకే. ఇవాళ మా ఇంట్లో గోంగూర చేస్తున్నాం, ఎనిమిదింటికి వచ్చేయ్."

ఆ దేశమున అడుగిడినది మొదలు ఎందరో అడిగిన ప్రశ్నయే. ఇంగ్లీషువారికి చెప్పునప్పుడు చిక్కుపడిన సమాధానము ఈమెకు ఒక్క మాటలో తెగిపోయినది. తణుకులో ఆమె ఏనాడును పది దినములకు మించి ఉండలేదు. అయినను ఆ అక్క దృష్టిలో ఆ సంగతికి ప్రాధాన్యము లేదు. అచ్చట నవ్వులాట అయినదా యనిన, అయినది. "చెప్పాను" అనుటకు "చెప్పినాను" అని నా పాఠముల గ్రాంథికము వల్లించినందుకు వారు పొట్ట చెక్కలగునట్లు నవ్విరట. అందులో దోషము ఆమెది కాదు. కాని గోంగూర పెట్టిన పిమ్మట నవ్వినవారి నవ్వు వేరు.

పూర్వులు చదువులకై పరదేశములకు పోలేదా అని కొందరందురు. పోయిరి. బరంపురమునుండి వి.వి.గిరి 1913లో డబ్లిన్ నగరమునకు న్యాయశాస్త్రము చదువ పోయెను. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల ఆరంభమున బోస్టను చేరి హార్వర్డులో చదువుచు, పొట్ట గడుచుటకు ఆసుపత్రిలో రాత్రి కూలిపని చేసెను. వారి కష్టములు మన పిల్లల కష్టములకంటె నూరు రెట్లు. ధనము లేదు, వెనువెంట మాటాడు ఫోను లేదు, ఓడలో ఉత్తరము చేరుటకు వారములు పట్టెడివి. కాని తామెవరో, ఎచ్చటివారో వారికెన్నడును సందేహము లేదు. పరదేశమునకు పోవుచున్నామని తెలిసియే పోయిరి. మన పిల్లలకు పరదేశము అపరిచితము కాదని మనమే చెప్పి పంపుచున్నాము.

ఇంతకును ఈ పిల్లలకు హైదరాబాదైనను తెలిసినదా? కావలిగల కాలనీనుండి ఏసీ బస్సులో పాఠశాలకు, పాఠశాలనుండి ఈతకొలనునకు, అచ్చటినుండి మాలునకు తిరిగిన బాలునకు కోఠీలో పాతపుస్తకముల దుకాణముతో బేరమాడుట తెలియదు. ఆర్టీసీ బస్సులో చిల్లర లేదన్న కండక్టరుతో వాదించుట తెలియదు. గృహస్థులున్న లోకమున తన చోటు తాను సంపాదించుకొను పని తెలియదు. బ్యాంకులో ఫారము నింపుట, మందులషాపుకు పోయి తన జ్వరము తానే చెప్పుకొనుట, లాండ్రీవానితో తప్పిన చొక్కాకై పోట్లాడుట, ఇవి నేర్చుటకు ఇంగ్లండు పోనక్కరలేదు. పండ్రెండవ తరగతి ముగిసిన పిదప విశ్వవిద్యాలయము తెరచుటకు నాలుగు మాసముల వ్యవధి యుండును. ఆ కాలమును చాలమంది తలిదండ్రులు పెట్టెలు కొనుటకును, బంధువుల యిండ్ల విందులకును వినియోగించుచున్నారు. ఒక నెల తణుకులో తాతగారి యింట విడిచిపెట్టినను, లేక ఎంఎంటీఎస్ రైలు పాసు చేతికిచ్చి ఊరు తిరుగుమన్నను మేలు.

ధనము విషయమున ఒక్క మాట. ఇంగ్లండులో స్వదేశీయ విద్యార్థి ఫీజునకు ప్రభుత్వము గరిష్ఠ పరిమితి విధించినది. పరదేశీయునకు ఆ పరిమితి లేదు, విశ్వవిద్యాలయములవారు అడిగినంత కట్టవలెను. కావున పాఠశాలలో అందరితో సమానుడైన మన బాలుడు అచ్చట తోటివారి కన్నులకు కుబేరుని బిడ్డగా కనబడును. ప్రక్క గది పిల్లవాడు చదువుకై ప్రభుత్వపు ఋణము తీసికొని, శనివారము అంగడిలో పనిచేయుచుండగా, మనవాడు ప్రతి రాత్రియు హోటలునుండి భోజనము తెప్పించుకొనుట, అందులో గర్వము లేకపోయినను, గోడ కట్టినట్లగును. నెలకింతయని నిర్ణయించి, అంతలోనే గడుపుమని చెప్పుట లోభము కాదు.

చివరగా ఫోనుల సంగతి. అక్టోబరు చివరి ఆదివారమున బ్రిటనులో గడియారములు ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. అప్పటివరకు నాలుగున్నర గంటలున్న భేదము అయిదున్నర యగును. మన రాత్రి పది గంటలు వారికి సాయంకాలము నాలుగున్నర. సరిగా ఆ వేళనే వారు తరగతి విడిచి, నలుగురు కలిసి టీ త్రాగుటకు పోవుచుందురు. సరిగా ఆ వేళనే ఇచ్చట భోజనము ముగించి తల్లి ఫోను చేయును. నా శిష్యురాలు ఆ మార్పు తరువాతి మాసమంతయు ఆ ఫోనునకై గుంపునుండి విడివడి ఒక మూల నిలిచి మాటాడి, వచ్చుసరికి వారు పోయియుండిరని చెప్పినది. తల్లికి ఈ సంగతి చెప్పుటకు ఆమెకు మనసు రాక నన్ను చెప్పుమన్నది. చెప్పినాను. ఇప్పుడు వారు ఆదివారము మధ్యాహ్నము, పోపు పని ముగిసిన తరువాత, మాటాడుకొనుచున్నారు; తక్కిన దినములలో బిడ్డయే చేసినచో సరి, చేయకున్నను సరి.